చిన్నపిల్లల చదువునకు ఆటయు, పుస్తకమును

చదువు వచ్చుట వేఱు, చదువుట వేఱు. అక్షరములు గుర్తెఱిగి, గుణింతములు కూర్చి, వాచకములోని పాఠమును తప్పులేక అప్పగింపగల పిల్లవాడు చదువు వచ్చినవాడే. అయినను, ఎవరును చెప్పకయే ఒక పుస్తకమును చేతబట్టి, అరుగుమీద కూర్చుండి, అన్నమునకు పిలిచినను వినబడక దానియందే మునిగియుండు పిల్లవాడు మాత్రమే చదువరి యనదగును. మొదటివానిని పాఠశాల యొక్కటియే తయారు చేయగలదు. రెండవవానిని తయారు చేయుటకు పాఠశాలతోపాటు ఇల్లును, ఇంటితోపాటు మంచి పుస్తకములును, పుస్తకములతోపాటు ఆటపాటలును కావలసియున్నవి. ప్రాథమిక తరగతులలోని పిల్లలకు, అనగా ఆఱేండ్లు మొదలు పదునొకండేండ్ల వఱకు గల బాలబాలికలకు, ఎట్టి పుస్తకములు వినోదము నిచ్చునో, ఎట్టి పనులు ఆ వినోదమును నిలుపునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇది కేవలము వేడుకకు సంబంధించిన మాటగా నెంచరాదు. ‘ప్రథమ్’ అను సంస్థ 2005 సంవత్సరము మొదలు మన దేశపు గ్రామములలో ఇంటింటికి పరీక్షకులను పంపి, పిల్లల చదువును పరిశీలించి, ‘అసర్’ అను పేర నివేదికలు ప్రకటించుచున్నది. 2018 నాటి నివేదిక ప్రకారము గ్రామములలో అయిదవ తరగతి చదువుచున్న పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 50 మంది మాత్రమే. తరువాత వచ్చిన అంటువ్యాధిచే బడులు నెలల తరబడి మూతపడగా, 2022 నాటికి ఆ సంఖ్య ఇంచుమించు 43కు దిగజాఱెను. 2024 నాటికి కొంత కోలుకొన్నను, అయిదేండ్లు బడికి పోయియు చిన్న కథను చదువలేని పిల్లలు మనయెదుటనే కోట్లకొలది యున్నారు. ఇట్టి పిల్లవానికి లెక్కల పుస్తకములోని ప్రశ్న అర్థము కాదు. భూగోళమున నదుల పేరులు కంఠస్థము చేయుట దప్ప వేఱు దారి లేదు. అతడు మందబుద్ధి యని యెల్లరు ననుకొందురు. కొంతకాలమునకు అతడును అట్లే యనుకొనును. ఆ తరువాత బడి మానుట యొక్క అడుగు దూరము.

దీనికి మూలము ఒక విషవలయము. చదువు తేలికగా సాగని పిల్లవానికి చదువనిన ఇష్టముండదు. ఇష్టము లేనివాడు చదువడు. చదువనివానికి చదువు తేలిక కాదు. ఈ వలయమును బెత్తముతో తెంచుటకు పూర్వులు చాలకాలము ప్రయత్నించిరి. బెత్తము భయమును నేర్పును గాని ఇష్టమును నేర్పజాలదు. దానిని తెంచు సాధనము ఒక్కటియే: వినోదము.

ఈ సత్యము ఐరోపాలో మూడు వందల యేండ్లకు పూర్వమే కొందఱకు తోచినది. చెక్ దేశస్థుడగు కొమీనియస్ అను విద్యావేత్త 1658లో బొమ్మలతో నిండిన పాఠ్యగ్రంథము నొకదానిని వెలువరించెను. అందు ప్రతి పాఠమునకు పైన ఒక బొమ్మయు, బొమ్మలోని వస్తువులకు అంకెలును, క్రింద ఆ అంకెల ననుసరించి పదములును ఉండెడివి. రొట్టె కాల్చుట, నేత నేయుట, తోటపని మొదలగు లోకవ్యవహారములనే అందు పాఠములుగా కూర్చెను. పిల్లవాడు తాను కన్నులార చూచిన దాని పేరునే మొదట చదువవలెనని ఆయన యాశయము. తరువాత 1744లో లండను నగరమున జాన్ న్యూబెరీ అను పుస్తక వ్యాపారి పిల్లల వినోదము కొఱకే ఒక చిన్న గ్రంథము నచ్చొత్తించెను. దాని వెల ఆఱు పెన్నీలు. ఎనిమిది పెన్నీలిచ్చిన యెడల పుస్తకముతోపాటు బాలునకు బంతియు, బాలికకు గుండుసూదులు గుచ్చుకొను మెత్తయు లభించెడివి. పుస్తకమును ఆటవస్తువును ఒకే పొట్లములో కట్టి యమ్మిన ఆ వర్తకుని తెలివి మెచ్చదగినదే. కాని బాలునకు ఆటయు బాలికకు సూదులును పంచిన ఆ పంపకము మాత్రము మనకు వలదు. మన యిండ్లలో నేటికిని ఆ పంపకము పలుచోట్ల కనబడుచున్నది గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది.

మన తెలుగునాట పిల్లల పుస్తకముల చరిత్ర చిన్నదేమియు గాదు. ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అని పిల్లలచే పిలువబడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ అను మాసపత్రికను స్థాపించిరి. పిల్లలు వ్రాసిన రచనలను పిల్లల పత్రికలోనే అచ్చువేయుట వారి పద్ధతులలో ముఖ్యమైనది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మదరాసు నుండి ‘చందమామ’ను వెలువరించిరి. తెలుగు, తమిళములతో మొదలై అది కాలక్రమమున పండ్రెండు భాషలకు పైగా వ్యాపించెను. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 మొదలు 1980లో మరణించు వఱకు దాని సంపాదకత్వ బాధ్యతను మోసిరి. పిల్లలకు వ్రాయు తెలుగు చిన్న వాక్యములతో, సూటిగా, శుద్ధముగా ఉండవలెనని ఆయన పట్టుదల. దాసరి సుబ్రహ్మణ్యము గారి ధారావాహికలు, శంకర్, చిత్రా మొదలగువారి బొమ్మలు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రములు మూడు తరముల పిల్లలను ముగ్ధులను జేసినవి. 2013 నాటికి ఆ పత్రిక నిలిచిపోయినను, పాత సంచికలు కుట్టించి దాచుకొన్న యిండ్లు ఇంకను గలవు. అట్టి సంపుటము మీ యటుకమీద నున్న యెడల క్రిందికి దింపుడు. అది దాచుటకు గాదు, చదువుటకు.

నేడు పిల్లల కొఱకు తెలుగున పుస్తకములు లభింపవను మాట నిజము గాదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారు నెహ్రూ బాల పుస్తకాలయ మను పేర బొమ్మల పుస్తకములను తెలుగుతో సహా పలు భాషలలో తక్కువ వెలకు అందించుచున్నారు. మంచి పుస్తకము అను పేరుగల ప్రచురణ సంస్థ హైదరాబాదు జంటనగరముల నుండి పిల్లల గ్రంథముల ననేకములను తెలుగు చేయించి ప్రకటించినది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ‘స్టోరీవీవర్’ అను అంతర్జాల భాండారమును తెఱచి, పిల్లల కథలను నాలుగు మెట్లుగా విభజించి ఉచితముగా నుంచిరి. మొదటి మెట్టులో పుటకొక చిన్న వాక్యము మాత్రమే. నాలుగవ మెట్టునకు వచ్చుసరికి నిండు కథ. ఇంటిలో చరవాణి యున్న తండ్రి దానిని పిల్లవాని యేడుపు మాన్పుటకు మాత్రమే గాక, ఒడిలో కూర్చుండబెట్టుకొని కథ చదివించుటకు గూడ వాడవచ్చును.

పుస్తకము నెన్నుకొను విధమును గూర్చి కొంచెము చెప్పెదము. ఆఱు, ఏడు ఏండ్ల పిల్లలకు బొమ్మ ముఖ్యము, మాట తోడు. ఒకే వాక్యము మఱల మఱల వచ్చు కథలు వారికి మిక్కిలి ప్రీతికరములు. ఏలయన తరువాత ఏమి వచ్చునో ముందుగా చెప్పగలుగుటయే వారికి విజయము. ఎనిమిది, తొమ్మిది ఏండ్లవారికి తెలివితో బలవంతుని గెలుచు బలహీనుల కథలు, పొడుపుకథలు, హాస్యము ఇష్టము. తెనాలి రామలింగని కథలు ఈ వయస్సునకు చక్కగా సరిపోవును. పది, పదునొకండు వచ్చినవారికి సాహసములు, యాత్రలు, యంత్రములు, జంతువులు మొదలగు నిజవృత్తాంతములు కావలెను. ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’, బాపు గారి బొమ్మలతో, పెద్దలు బిగ్గరగా చదివినప్పుడు ఇంటిల్లిపాదిని నవ్వించును. జపాను దేశపు రచయిత్రి తెత్సుకో కురొయనగి 1981లో ప్రకటించిన ‘తొత్తోచాన్’ అను గ్రంథము తెలుగున ‘రైలుబడి’ యను పేర వచ్చినది. ఒక బడినుండి వెళ్ళగొట్టబడిన బాలిక, రైలుపెట్టెలే తరగతి గదులుగాగల వేఱొక బడిలో చేరి వికసించిన యథార్థ కథ యది. దానిని పిల్లలే గాక ఉపాధ్యాయులును తప్పక చదువవలెను.

పుస్తకము పిల్లవానికి తగినదో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. పిల్లవానిని నడుమనున్న ఒక పుటను చదువుమనుడు. తెలియని మాట వచ్చినప్పుడెల్ల ఒక్కొక వ్రేలు ముడువుమనుడు. పుట ముగియకమునుపే అయిదు వ్రేళ్ళును ముడుచుకొన్న యెడల ఆ పుస్తకము ప్రస్తుతమునకు కఠినము. దానిని మీరు చదివి వినిపింపుడు. ఒకటి రెండు వ్రేళ్ళతో ముగిసిన యెడల అతడు తానే చదువుకొనును. చదివిన పుస్తకమునే పదేపదే చదువుచున్నాడని కోపింపకుడు. మనము ఇష్టమైన పాటను ఎన్నిమాఱులు వినుట లేదు? ప్రతిమాఱును అతని కన్ను వేగముగా నడుచుచున్నది. గుణింతము కూర్చుకొను శ్రమ తగ్గి, మాటను మాటగా చూచు శక్తి కలుగుచున్నది. తెలుగు లిపిలో ఒత్తులును సంయుక్తాక్షరములును విస్తారముగా నున్నందున ఈ అభ్యాసము మఱింత యవసరము.

ఇక పుస్తకము చుట్టును అల్లదగిన పనులను గూర్చి. మొదటిది, కథను నడుమ నాపుట. బేతాళ కథల నిర్మాణము నొకమాఱు తలచుకొనుడు. ప్రతి కథ తుదను బేతాళుడు రాజు నొక ప్రశ్న యడుగును. రాజు సమాధానము చెప్పకమునుపు చదువరికి ఒక క్షణ మెడము దొరకును. ఆ యెడమునందే ఆలోచన పుట్టుచున్నది. మీరును కథ చదువునపుడు అచ్చట పుస్తకము మూసి, “నీవైన నేమి చెప్పుదువు?” అని యడుగుడు. పిల్లవాడు చెప్పినది పుస్తకములోని సమాధానముతో సరిపోకున్నను తప్పని యనకుడు; తన మాటకు కారణము చెప్పగలిగిన చాలును.

రెండవది, కథను ఆడించుట. అనంతపురము సీమలోని నిమ్మలకుంట మొదలగు గ్రామములలో తోలుబొమ్మలాట నేటికిని జీవించియున్నది. ఇంటిలో తోలు అక్కఱలేదు. పాత అట్టలను కత్తిరించి, చీపురుపుల్లలకు అతికించి, తెల్లని పంచె నొకదానిని గుమ్మమునకు కట్టి, వెనుక దీపము నుంచిన నాటకశాల సిద్ధమగును. దీపము బ్యాటరీదైన భయములేదు. బొమ్మను దీపమునకు దగ్గఱగా జరిపిన నీడ పెద్దదగును, తెరకు దగ్గఱగా జరిపిన చిన్నదై స్పష్టమగును. రాక్షసుని పెద్దవానినిగా చేయుటకు పిల్లలు ఈ రహస్యమును తామే కనుగొందురు. వెలుతురు తిన్నని గీతలుగా పోవునను ప్రకృతిశాస్త్ర పాఠము అచ్చటనే మొదలైనది.

మూడవది, తన పుస్తకమును తానే చేయుట. ఒక తెల్లకాగితమును పొడవున సగమునకు ఒకమాఱును, అడ్డముగా రెండుమాఱులును మడచి విప్పిన ఎనిమిది గడులు ఏర్పడును. నడిగీతను, మధ్యనున్న రెండు గడుల మేర మాత్రము కత్తిరించి, కాగితమును మఱల పొడవున మడచి, రెండు కొనలను ఎదురెదురుగా నెట్టిన ఎనిమిది పుటల చిన్న పుస్తకమగును. కుట్టుటయు అంటించుటయు లేదు. మొదటి పుటపై పేరు, చివరి పుటపై వెల, నడుమ కథయు బొమ్మలును. “మా మేక”, “మా యమ్మమ్మ ఊరు”, “వాన కురిసిన నాడు” – ఇట్టివి చాలును. వ్రాసినవాడు చదువక మానడు.

నాలుగవది, మాటల ఆటలు. ‘వికటకవి’ యను మాటను ఎటునుండి చదివినను ఒకటియే. అట్టివానిని వెదకుమని పిల్లలను ప్రోత్సహింపుడు. నటన, జలజ, మడమ, పులుపు, కునుకు, ముత్యము – ఇవి కొన్ని. ‘ముత్యము’ ఎట్లు సరిపోయినదని యడిగినయెడల, తెలుగున లెక్కించవలసినది అక్షరమునేగాని ధ్వనిని గాదని పిల్లలే గ్రహింతురు. పొడుపుకథలను విప్పుటయేగాక కట్టుటయు నేర్పవలెను. “ఎండనాడు గోడకు వ్రేలాడును, వాననాడు మనతో నడుచును” అని మేమొకటి కట్టితిమి. గొడుగు అని విప్పుట కష్టము గాదు. చీపురు, కుండ, సైకిలు, పలక – కంటికి కనబడిన ప్రతి వస్తువునకు పిల్లలు ఇంతకంటె చక్కనివి కట్టగలరు.

మన పెద్దలు మనకిచ్చిన ఆటలలో లెక్కల శాస్త్రము ఎంత దాగియున్నదో చాలమంది గమనింపరు. వామనగుంటల పీటలో రెండు వరుసల ఏడేసి గుంటలు, మొత్తము పదునాలుగు. గుంటకు అయిదేసి చింతపిక్కలు పోసిన డెబ్బది. ఒక గుంటలోని పిక్కలన్నియు తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటి విడుచుచు పోవలెను. చేతిలోనివి అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసికొని సాగవలెను. తరువాతి గుంట ఖాళీగా నున్నచో దాని యావలి గుంటలోనివి గెలుపు. ఏ గుంటనుండి మొదలిడిన ఎచ్చట ముగియునో ముందుగా నూహించుటయే నేర్పు. కూడికయు, తీసివేతయు, ముందుచూపును ఇంతకంటె సుఖముగా నేర్పు పాఠము మఱియొకటి లేదు.

అష్టాచమ్మలో నాలుగు గవ్వలు వేయుదుము. నాలుగును వెల్లకిల పడిన చమ్మ, అనగా నాలుగు; నాలుగును బోర్లపడిన అష్ట, అనగా ఎనిమిది. ఒకటి, రెండు, మూడు అంతంత సులభముగా పడుచుండ, చమ్మయు అష్టయు అరుదుగా పడుటకు కారణమేమి? ఒక్కొక గవ్వ వెల్లకిలగానో బోర్లగానో పడును గనుక నాలుగు గవ్వలు పడు విధములు మొత్తము పదునాఱు. అందు ఒకటి పడుటకు నాలుగు విధములు, రెండు పడుటకు ఆఱు, మూడు పడుటకు నాలుగు. చమ్మకు ఒక్కటే, అష్టకు ఒక్కటే. రెండు ప్రక్కలును సమానముగా పడు గవ్వలైనచో 160 మాఱులు వేసినపుడు రెండు ఇంచుమించు 60 మాఱులును, చమ్మ ఇంచుమించు 10 మాఱులును పడవలెను. కాని నిజమైన గవ్వ గుండ్రని వీపు గలది. అది రెండు ప్రక్కలును సమానముగా పడునా? పలకమీద గీతలు గీచి లెక్కవేసి చూడుడు. గవ్వలకు మాఱుగా చీల్చిన చింతపిక్కలతో మఱల వేసి సరిపోల్చుడు. ఇది ఆటయా, పరిశోధనయా? రెండును.

పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. అయినను మేకలు తొందరపడక, ఒకదాని వెనుక నొకటి చేరి, దూకుటకు చోటు లేకుండ చేసిన యెడల పులి కదలలేక ఓడును. బలహీనులు కూడి నిలిచిన గెలుతురను నీతిని వాచకము చెప్పును; పులిజూదము అనుభవింపజేయును.

చేతిపనులలో ఒకదానిని మాత్రము వివరించెదము. కాన్పూరు సాంకేతిక విద్యాలయమున చదివిన అరవింద గుప్త గారు, 1978లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమమున పాల్గొని, గ్రామముల పిల్లలకు పాఱవేసిన వస్తువులతో ఆటబొమ్మలు చేయుట నేర్పసాగిరి. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. సైకిలు వాల్వుకు తొడుగు సన్నని రబ్బరు గొట్టమును వ్రేలి కణుపంత ముక్కలుగా కోసి, మందు గీకివేసిన అగ్గిపుల్లల కొనలను వానిలో గుచ్చి కీళ్ళు చేయుట ఆయన చూపిన ఉపాయము. మూడు పుల్లలతో త్రిభుజము చేసి నొక్కుడు: కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రము చేసి నొక్కుడు: ఒఱగి ప్రక్కకు వాలును. దానికి మూలనుండి మూలకు ఒక పుల్ల యడ్డముగా వేసినచో రెండు త్రిభుజములై మఱల స్థిరపడును. వంతెనల యినుప దూలములలోను, మన ఇండ్ల పైకప్పు దూలములలోను త్రిభుజములే యేల కనబడుచున్నవో ఇప్పుడు పిల్లవానికి చెప్పనక్కఱలేదు. ఖర్చు కొద్ది రూపాయలు. నేర్చినది జీవితాంతము నిలుచును.

ఇన్ని చెప్పిన తరువాత అసలు చిక్కునకు వత్తము. పుస్తకములు లేకపోవుట కంటె, ఉన్న పుస్తకములు బీరువాలో తాళము వేయబడియుండుట మన పాఠశాలలలో తఱచుగా కనబడు లోపము. పిల్లలు చింపుదురు, పోగొట్టుదురు, తనిఖీ వచ్చినపుడు లెక్క చూపవలెను – ఈ భయమే తాళమునకు కారణము. భయము నిజమే, కాని లెక్క తప్పుగా వేయబడినది. నూఱుమంది చదివి చినిగిన పుస్తకము తన వెలను నూఱుమాఱులు తీర్చినది. చెదలు తిన్న కొత్త పుస్తకము ఒక్కమాఱును తీర్చలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములు రచించిన రంగనాథన్ గారు మొట్టమొదటి సూత్రముగా పుస్తకములు ఉపయోగము కొఱకేయని నిర్దేశించిరి. మన కృష్ణానది కాలువలమీద 1935లో పాతూరి నాగభూషణము గారు పడవలో గ్రంథాలయమునే నడిపిరి. చదువరి పుస్తకము వద్దకు రాజాలనిచో పుస్తకమే చదువరి వద్దకు పోవలెనని వారు చూపిరి. పడవమీద కాలువలు దాటిన పుస్తకములు, బీరువానుండి బల్లమీదికి రాలేవా?

గుజరాతు దేశమున భావనగరమందు 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా గారిని పిల్లలు ‘మీసాల తల్లి’ యని పిలిచిరి. ఆయన రచించిన ‘దివాస్వప్న’ మను గ్రంథము ‘పగటి కల’ యను పేర తెలుగున గూడ వచ్చినది. అందు ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఒక యేడాది తన పద్ధతిని నడుపుటకు అనుమతి పొంది, మొదటి దినములలో పాఠము చెప్పక కథలే చెప్పును. పాఠ్యపుస్తకములకు వెచ్చించు సొమ్ముతో కథల పుస్తకములు కొనిపించి తరగతి గ్రంథాలయమును ఏర్పఱచును. కథ వినుటకు పిల్లలు నిశ్శబ్దముగా కూర్చుండుట నేర్తురు. విన్న కథను చదువ గోరుదురు. క్రమశిక్షణ కథవెంట నడచివచ్చినది.

ఇట్టి తరగతి గ్రంథాలయమునకు పెద్ద ధనము అక్కఱలేదు. ఒక రేకుపెట్టె, నలువది చిన్న పుస్తకములు, ఒక నోటుపుస్తకము చాలును. పుస్తకములకు పాత వార్తాపత్రికల అట్టలు వేయవలెను. వారమునకొక విద్యార్థి గ్రంథపాలకుడుగా నుండి, ఇచ్చినది తీసికొన్నది తానే వ్రాయవలెను. చినిగిన దానిని మైదా జిగురుతో అతుకుట శిక్షగా గాక గౌరవముగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, చదివిన పుస్తకముపై పరీక్ష పెట్టరాదు. పరీక్ష పెట్టిన నాడు అది రెండవ వాచకమగును. పిల్లవాడు దానికి దూరమగును.

తలిదండ్రులకు మా విన్నపము రెండు మాటలు. మాకు చదువు రాదు, మేమేమి చేయగలమని కొందఱనుచుందురు. మీకు కథలు వచ్చును. మీ యమ్మలు చెప్పినవి మీ నాలుకమీద నున్నవి. రాత్రివేళ వానిని చెప్పుడు; పిల్లవాడు చదివినపుడు ప్రక్కన కూర్చుండి వినుడు. వినువాడున్నప్పుడే చదువువానికి ఉత్సాహము. రెండవది, ఆటకు, పుస్తకమునకు దినమున కొంత తీరిక కొడుకునకిచ్చినట్లే కూతురునకు నిండు. నీళ్ళబిందెయు, అంట్లగిన్నెలును, చంటిపిల్లవాడును ఆమె పాలికే విడిచినచో ఆమె యెప్పుడు చదువును?

ఇక ఉన్నత పాఠశాల విద్యార్థులారా, ఈ వ్యాసము ముఖ్యముగా మీ కొఱకు వ్రాయబడినది. మీ యింటిలోనో, ప్రక్కయింటిలోనో రెండవ తరగతియో మూడవ తరగతియో చదువు పిల్లవాడొకడు తప్పక యుండును. ఈ వేసవి సెలవులలో అట్టివాని నొక్కనిని మీరు చేపట్టుడు. దినమునకు ఇరువది నిమిషములు చాలును. పది నిమిషములు మీరు చదివి వినిపింపుడు. పది నిమిషములు అతనిచే చదివింపుడు. తప్పు చదివినపుడు నవ్వకుడు, తొందర పెట్టకుడు. మాటను తానే పట్టుకొనుటకు కొంత తాళుడు. చదువు ముగిసిన పిమ్మట ఒక యాట అష్టాచమ్మ. అఱువది దినములు సాగిన ఇది ఇరువది గంటల చదువు. సెలవులు ముగిసి బడులు తెఱచునాటికి ఆ పిల్లవాడు తన కొత్త వాచకమును చేతబట్టి, ఉపాధ్యాయుడు చెప్పకమునుపే తరువాతి పుటను త్రిప్పిన యెడల, మీరు చేసిన మేలు ఎట్టిదో మీకే తెలియును.